చదివారా, వచ్చిందా?

అందరికీ నమస్కారం.

ఆన్‌లైన్‌లో సైకాలజీ డిగ్రీ చేద్దామనుకుంటున్నవాళ్ళు, ఇప్పటికే చేరి మొదటి సెమిస్టర్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని చెప్పారు. నేను ఉద్యోగం చేసుకుంటూ అదే డిగ్రీ పూర్తి చేశాను. కాబట్టి ఉపన్యాసంలా కాకుండా, నాకు ఎక్కడెక్కడ దెబ్బలు తగిలాయో చెప్తాను.

మొదటి దెబ్బ రెండో వారంలోనే తగిలింది. రాత్రి పనులన్నీ అయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చుని, జ్ఞాపకశక్తి మీద ఒక వీడియో పాఠం ఒకటిన్నర స్పీడులో విన్నాను. అంతా అర్థమైంది. తల ఊపుతూనే ఉన్నాను. పాఠం అయ్యాక మూత దించి, ఏం విన్నానో చూద్దామని ఒక తెల్లకాగితం తీసుకున్నాను. మూడు లైన్లు రాశాను. మూడోది సగంలో ఆగిపోయింది. రాసిన రెండు పేర్లలో ఒకటి తప్పు.

చిన్నప్పుడు మనల్ని పెద్దవాళ్ళు రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగేవారు. "చదివావా?" అని ఒకటి, "వచ్చిందా?" అని ఇంకొకటి. మొదటిదానికి ఊఁ అనేసి తప్పించుకోవచ్చు. రెండోదానికి పుస్తకం మూసి ఒప్పజెప్పాల్సిందే. ఆన్‌లైన్ చదువులో మొదటి ప్రశ్న కంప్యూటరే అడుగుతుంది, వీడియో చివరిదాకా నడిస్తే టిక్కు కూడా పెడుతుంది. రెండోది అడిగే మనిషి మాత్రం ఎదురుగా ఉండడు.

ఆ రెండు ప్రశ్నల మధ్య ఎంత దూరం ఉందో కొలిచి చూపించింది కూడా సైకాలజీయే. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన గుంపే ముందుంది. వారం తర్వాత అడిగితే వాళ్ళకు గుర్తున్నది దాదాపు 40 శాతం, రాసినవాళ్ళకు 61 శాతం. నన్ను కుదిపింది ఈ అంకెలు కాదు. బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నది నాలుగుసార్లు చదివినవాళ్ళు. ఒకటిన్నర స్పీడులో తల ఊపిన నేను ఆ గుంపులోవాణ్ణే.

అప్పటినుంచి పాఠం సగంలో ఆపి కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. విసుగే. గంట పాఠానికి రెండు గంటలు పట్టేది. కానీ పరీక్ష ముందు రాత్రి టెన్షన్ సగానికి సగం తగ్గింది.

ఇంట్లో ఒక్కరే కూర్చుని చదివేది ఇదేం చదువు అనిపించినప్పుడు నాకు ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు గుర్తొస్తాడు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ అనే ప్రొఫెసర్ ప్రయోగశాల పెట్టాడని, సైకాలజీ సైన్సుగా అక్కడే మొదలైందని మీ మొదటి పాఠంలోనే వస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుంటున్నాడు. ప్రయోగం చేసేవాడూ ఆయనే, ప్రయోగానికి కూర్చునేవాడూ ఆయనే. అర్థం లేని అక్షరాల ముక్కలు దాదాపు 2,300 తయారు చేసుకుని, ఒకే వేగంతో పైకి చదువుతూ వరసలు వరసలుగా కంఠస్థం చేశాడు. కొంతకాలం ఆగి మళ్ళీ అదే వరస నేర్చుకుంటే మొదటిసారికన్నా ఎంత శ్రమ ఆదా అవుతుందో లెక్కగట్టాడు. ఇరవై నిమిషాల తర్వాత 58 శాతం ఆదా అయింది, ఒక రోజుకు 34, నెలకు 21. 1885లో పుస్తకంగా వేశాడు. మర్చిపోవడం మొదట్లో జారుడుబల్ల మీదలా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే ఆదివారం ఒక్కరోజే ఏడు గంటలు కూర్చునేకన్నా రోజుకో గంట మేలు.

ఇక స్టాటిస్టిక్స్. చాలామంది కలల గురించో, మనుషుల మనసు చదవడం గురించో ఆశపడి ఈ డిగ్రీలో చేరతారు. తీరా చూస్తే స్టాండర్డ్ డీవియేషన్ దగ్గర ఇరుక్కుంటారు. మా బ్యాచ్‌లో మానేసినవాళ్ళలో నాకు తెలిసినంతవరకు ఎక్కువమంది ఇక్కడే మానేశారు. నేనూ 'పీ విలువ' అంటే ఏమిటో మూడు నెలలు తప్పుగానే అనుకున్నాను. 0.05 కంటే తక్కువ వస్తే నా సిద్ధాంతం 95 శాతం నిజమని నా నమ్మకం. కాదు. అసలు తేడా ఏమీ లేకపోయినా, కేవలం కాకతాళీయంగా ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ కనబడే అవకాశం ఎంత అని మాత్రమే అది చెబుతుంది.

ఇది తెలిస్తే ఏమవుతుందంటే, పాఠ్యపుస్తకం మీద గుడ్డి నమ్మకం పోతుంది. 2015లో కొన్ని వందలమంది పరిశోధకులు కలిసి, పేరున్న సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూశారు. మొదట వాటిలో 97 శాతం పీ విలువ 0.05 కంటే తక్కువ వచ్చినవే. మళ్ళీ చేస్తే అలా నిలబడినవి 36 శాతం. అది చదివిన రాత్రి నాకు మోసపోయినట్టే అనిపించింది. రెండు రోజులకు ఆ కోపం చల్లారి, సొంత ఇంట్లో దీపం పెట్టి బూజు వెతుక్కునే శాస్త్రం ఇది అని కాస్త గర్వం కూడా కలిగింది. నా ఉద్దేశంలో మూడేళ్ళలో మీకు దక్కే అసలైన ఆస్తి ఈ అనుమానమే. కలలకు అర్థాలు చెప్పిన ఫ్రాయిడ్ గురించి ఎవరైనా చెప్తారు.

ల్యాబ్ లేని లోటు ఉందా అంటే, ఉంది. నేను 1935 నాటి స్ట్రూప్ ప్రయోగం ఇంట్లోవాళ్ళ మీద చేశాను. 'ఎరుపు' అన్న మాట ఆకుపచ్చ సిరాతో, 'నీలం' అన్న మాట ఎర్రసిరాతో రాసి, మాట చదవకుండా రంగు చెప్పమనాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని అమ్మను కూర్చోబెట్టాను. ఆమె మూడో మాట దగ్గర తడబడి, ఐదో మాట దగ్గర నవ్వేసి, ఎనిమిదో మాట దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "ఇంక నావల్ల కాదురా, ఆపెయ్." ఇంకా పన్నెండు మిగిలాయి, కొంచెం ఓపిక పట్టు అనబోయాను. అంతకు ముందు వారమే నైతిక నియమాల పాఠంలో చదివాను, పాల్గొనేవాళ్ళు ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చని. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులొచ్చాయి కూడా. కాగితం మడిచి లోపల పెట్టేశాను. మిల్‌గ్రామ్ ప్రయోగంలో, ఎదుటి మనిషికి కరెంటు షాకులు ఇస్తున్నామనుకుంటూ కూడా, కానివ్వండి అన్న పరిశోధకుడి మాట విని 40 మందిలో 26 మంది చివరి స్విచ్ దాకా ఎందుకు వెళ్ళారో, "కొంచెం ఓపిక పట్టు" అన్న మాట నా నాలిక చివరన ఉన్నప్పుడు ఇంకాస్త అర్థమైంది.

ఇంకో ప్రమాదం మానసిక రుగ్మతల పేపరు. అది చదువుతున్న నెలలో నాకు నాలుగు జబ్బులు, మా బావకు రెండు ఉన్నాయని తేల్చేశాను. లక్షణాల జాబితా ఎవరికైనా కాస్తో కూస్తో సరిపోతుంది. డిప్రెషన్ అనాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు రెండు వారాలపాటు ఉండాలి, మనిషి రోజువారీ బతుకు దెబ్బతినాలి, ఇంకా వేరే కారణాలు లేవని చూడాలి. ఆ చూడటం మన డిగ్రీ నేర్పదు. చాలా దేశాల్లో క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే పైచదువు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణ, లైసెన్సు కావాలి. అందుకే చేరేముందే కనుక్కోండి: ఈ డిగ్రీతో మీరు అనుకున్న పైచదువులో సీటుకు అర్హత వస్తుందా, ప్రాక్టికల్స్ ఉన్నాయా అని. ఫీజు కట్టాక కాదు. మా బ్యాచ్‌లో ఒకామె చివరి సంవత్సరంలో అడిగింది, జవాబు విని ఏడ్చింది.

నేను మాట్లాడటం మొదలుపెట్టి ఇంకా ఇరవై నిమిషాలు కాలేదు. ఎబ్బింగ్‌హాస్ లెక్కలు అర్థం లేని అక్షరాలకు కదా, నా మాటలకు కాస్త మెరుగ్గా ఉంటాయని ఆశ. మీ కుర్చీల మీద తెల్లకాగితాలు పెట్టించాను, చూసే ఉంటారు. ప్రశ్నలు మొదలుపెట్టేముందు మూడు నిమిషాలు, గుర్తున్నది రాయండి. నేను తీసుకోను, చూడను కూడా. మధ్యలో ఆపేయాలనిపిస్తే ఆపేయండి, కారణం చెప్పక్కర్లేదు.