భారతం మిట్టలో కదలకుండా కూర్చోమని ఎవురూ చెప్పరు

అందరికీ నమస్కారం. తిరుపతిలో టీచర్లు, అమ్మానాన్నలు, నాటకాలోళ్ళు ఒకేచోట కూర్చోవడం బాగుంది. బాబూ, మైక్ సౌండ్ కొంచెం తగ్గించు, వెనకాల పాప చెవులు మూసుకోనుంది.

ఆటిజం ఉన్న పిల్లోళ్ళని, ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక కుదురుగా ఉండలేని ఇబ్బంది, ఉన్న పిల్లోళ్ళని నాటకానికి తీసుకుపోతే మనం మొదట అనే మాట "కదలకుండా కూర్చో" అని. అసలు చిత్తూరు పక్క పల్లెల్లో మిట్ట మీద భారతం, అదే మహాభారతం కథని ఆడే ఉత్సవం, జరిగితే ఎవురు కదలకుండా కూర్చున్నారండీ? పగలు హరికథ, రాత్రంతా నాటకం, కొందరు చాపేసుకోని నిద్రపోతారు, కొందరు టీకి పోయొస్తారు, పిలకాయలు పరిగెత్తతానే ఉంటారు, అర్జునుడి వేషగాడు తపస్సు మాను అని నిలబెట్టిన పొడుగాటి మాను ఎక్కే టయానికి మాత్రం అందరూ లేచొస్తారు. పైగా కథ ముందే తెలుసు, దుర్యోధనుడు పడతాడని తెలిసే పోతాం. తర్వాత ఏమొస్తుందో తెలిసుండటం ఆటిజం ఉన్న చాలామందికి పెద్ద ధైర్యం.

ఇంగ్లండ్‌లో రిలాక్స్‌డ్ పెర్ఫార్మెన్స్ అని చేస్తారు, లైట్లు పూర్తిగా ఆర్పరు, సౌండ్ తగ్గిస్తారు, మధ్యలో లేచి పోయి రావచ్చు, అరిచినా ఎవురూ ఉరిమి చూడరు. అట్లని మన భారతం ఉన్నదున్నట్టు సరిపోతుందనట్లేదు, ఆ లౌడ్‌స్పీకర్లకి మామూలోళ్ళకే తల పగులుతుంది.

చూసేదానికంటే ఆడేది ఇంకా మేలు. కెల్లీ హంటర్ అని బ్రిటిష్ నటి, షేక్‌స్పియర్ నాటకాలని ఆటిజం పిల్లోళ్ళకి చిన్న చిన్న ఆటలుగా మార్చింది, అందరూ రౌండుగా కూర్చోని గుండె మీద తట్టుకుంటా ఆ లయలోనే హలో చెప్పుకుంటారు. కళ్ళు కలిపే ఆటలు కూడా ఉంటాయి, అది నాకంత నచ్చదు, చూడనోణ్ణి చూడమని ఎందుకు పట్టుబట్టాలి? డామియన్ మిల్టన్ అని బ్రిటిష్ పరిశోధకుడు, ఆయనకీ ఆటిజం ఉంది, 2012లో రాసిందేమంటే ఒకరినొకరు అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉండే సమస్య అని. అంటే నటులు కూడా నేర్చుకోవాల. పిల్లోడు గజ్జెలన్నీ వరసగా పేరస్తా ఉంటే లాక్కోవద్దు, పక్కన కూర్చోని మీరూ ఒకటి పెట్టండి, ఆట అక్కడే మొదలైనట్టు.

ఇంకోటి, వేషం చూసి భయపడే పిల్లోళ్ళుంటారు. మన తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అని రోజుకొకటి కడతారు కదా, ఇంటి ముందరే మామ సుద్ద పూసుకునేది చూసిన పిల్లకి ఆ బైరాగి మామే. అందుకే రంగేసుకునే గదిలోకి పిల్లోళ్ళని ముందే రానీండి, కిరీటం ముట్టుకోనీండి, వద్దంటే మాత్రం బలవంతం చేయొద్దండి.