నాబ్ పదిలో ఉన్నా పాట్ ఊరుకోదు: గిటార్, బేస్ వైరింగ్‌లో పాట్‌ల సంగతి

[తెర మీద: తిరగేసిన స్ట్రాటోకాస్టర్ పిక్‌గార్డ్, వరసగా మూడు పాట్‌లు]

మూడు పాట్‌లు, అంటే పొటెన్షియోమీటర్‌లు, నాబ్ కింద ఉండే తిప్పే రెసిస్టర్‌లు: ఒకటి వాల్యూమ్, రెండు టోన్. చాలామంది వీటిని నీళ్ల కుళాయిలా ఊహించుకుంటారు. పూర్తిగా తిప్పేశాం కాబట్టి ఇక అడ్డేమీ లేదనుకుంటారు. కానీ నాబ్ పదిలో ఉన్నా పాట్ సర్క్యూట్‌లోనే ఉంటుంది, కొంత సిగ్నల్‌ని గ్రౌండ్‌లోకి వదులుతూనే ఉంటుంది. 250కె (250 కిలో ఓమ్‌లు) వేయాలా, 500కె వేయాలా అన్న గొడవంతా ఇక్కడ పుట్టిందే.

[విప్పిన పాట్, బాగా దగ్గరగా]

రేకు డబ్బా కొక్కేలు లేపితే లోపల గుర్రపు నాడా ఆకారంలో నల్లటి కార్బన్ పట్టీ ఉంటుంది. దాని రెండు చివర్లే బయటి రెండు కాళ్లు. నడిమి కాలు వైపర్‌ది. షాఫ్ట్ తిప్పితే వైపర్ ఆ పట్టీ మీద జారుతుంది.

వాల్యూమ్‌కి వైరింగ్ ఇలా. పాట్ వీపు మీకు కనబడేలా, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమ కాలికి పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) వైర్, నడిమి కాలి నుంచి జాక్‌కి (కేబుల్ గుచ్చే చోటుకి). కుడి కాలిని వెనక్కి వంచి డబ్బాకి టంకం పెట్టండి, అది గ్రౌండ్. బయటి కాళ్లు తారుమారైతే నాబ్ రివర్స్‌లో పని చేస్తుంది. గ్రౌండ్ టంకం ఊడితే వాల్యూమ్ సున్నాకి తిప్పినా సౌండ్ మూసుకుపోతుందే గానీ పూర్తిగా ఆగదు. "సున్నాలో కూడా వినబడుతోంది" అంటే ముందు చూడాల్సింది ఆ కుడి కాలినే.

[తెర మీద: 250కె, 250కె సమాంతరంగా = 125కె]

ఇప్పుడు అసలు సంగతి. స్ట్రాటోకాస్టర్‌లో వాల్యూమ్ 250కె, టోన్ 250కె. రెండూ పదిలో ఉన్నప్పుడు సమాంతరంగా కలుస్తాయి, కాబట్టి పికప్‌కి కనబడే లోడ్, అంటే గ్రౌండ్ వైపున్న అడ్డు, 125కె. టోన్ పాట్‌తో ఉండే కెపాసిటర్ ట్రెబుల్‌ని, అంటే పదునైన పై శబ్దాలని, దాదాపు అడ్డు లేకుండా వదిలేస్తుంది కాబట్టి టోన్ పాట్ కూడా లెక్కలోకి వస్తుంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) ఇండక్టెన్స్ సుమారు 2.5 హెన్రీలు అనుకుందాం, కేబుల్ కెపాసిటెన్స్ అన్నీ కలిపి 600 పికోఫారడ్‌లు. ఈ రెండూ కలిసి 4,100 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం లేపుతాయి. సింగిల్ కాయిల్ ఖంగుమనేది దానివల్లే. లోడ్ ఎంత తక్కువ ఓమ్‌లైతే ఆ శిఖరం అంత అణుగుతుంది. 500కె వేస్తే చెవిలో గుచ్చినట్టుంటుంది. హంబకర్‌కి (రెండు చుట్టల పికప్‌కి) శిఖరం ఇంకా కిందే, 3,000 చుట్టుపక్కల. అందుకే దానికి 500కె, లేకపోతే మొద్దుబారినట్టు వినిపిస్తుంది. ఇది రూలేం కాదు, రుచి. మీ సింగిల్ కాయిల్ మరీ మెత్తగా ఉంటే 500కె పెట్టి చూడండి, ఎవరూ కాదనరు.

వాల్యూమ్ తగ్గిస్తే ట్రెబుల్ ఎందుకు పోతుంది? 250కె పాట్‌ని వోల్టేజ్ సగమయ్యే చోట ఆపితే, సిగ్నల్ దాదాపు 62కె అడ్డు దాటుకుని కేబుల్‌లోకి రావాలి. ఆ అడ్డూ, 500 పికోఫారడ్‌ల కేబులూ కలిస్తే 5,000 హెర్ట్జ్ నుంచి పైన కోత మొదలవుతుంది. 500కె పాట్ అయితే 2,500 నుంచే. మందు ట్రెబుల్ బ్లీడ్: ఎడమ, నడిమి కాళ్ల మధ్య 680 నుంచి 1,200 పికోఫారడ్‌ల కెపాసిటర్, దానికి సమాంతరంగా 150కె రెసిస్టర్. కెపాసిటర్ ఒక్కటే పెడితే తక్కువ వాల్యూమ్‌లో సౌండ్ పలచబడి గీక్కుపోతుంది.

[తెర మీద: పాట్ మీద ఎ250కె, బి250కె ముద్రలు]

ఎ అంటే లాగ్ (మొదట మెల్లగా, తర్వాత వేగంగా మారేది), బి అంటే లీనియర్ (తిప్పినంత మేరకి సమానంగా మారేది). పాత యూరప్ పాట్‌లలో ఎ అంటేనే లీనియర్, కాబట్టి ముద్రని నమ్మకండి, మీటర్‌ని నమ్మండి. షాఫ్ట్ సగానికి తిప్పి, వెనక నుంచి చూస్తే కుడి కాలికీ నడిమి కాలికీ మధ్య కొలవండి. 125కె దగ్గర వస్తే లీనియర్, 25 నుంచి 40కె వస్తే లాగ్. చవక మీటర్‌లో 2000కె రేంజ్ పెట్టాలి, 200కె రేంజ్‌లో బయటి కాళ్లు కొలిస్తే ఒకటి చూపించి ఊరుకుంటుంది. 20 శాతం అటూఇటూ మామూలే. 250కె అని రాసినది 210 చూపిస్తే అది చెడిపోయినట్టు కాదు. లీనియర్‌ని వాల్యూమ్‌కి వాడితే పది నుంచి మూడు దాకా పెద్దగా తేడా తెలియదు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది.

టోన్‌కి నడిమి కాలు, కుడి కాలు చాలు, ఎడమది ఖాళీ. సింగిల్ కాయిల్‌కి 0.047 మైక్రోఫారడ్, హంబకర్‌కి 0.022 వాడుక. కెపాసిటర్ బ్రాండ్ కన్నా విలువ ముఖ్యం, 50 వోల్టులది బోలెడు. ఒక తమాషా: టోన్ సున్నాలో కన్నా రెండులో మెత్తగా ఉంటుంది. సున్నాలో పికప్, కెపాసిటర్ నేరుగా కలిసి 500 హెర్ట్జ్ దగ్గర కొత్త శిఖరం లేపుతాయి. ఆ ముక్కుతో మాట్లాడినట్టుండే సౌండ్ అదే.

[తెర మీద: మూడు నాబ్‌ల జాజ్ బేస్ కంట్రోల్ ప్లేట్]

ఫెండర్ జాజ్ బేస్‌లో రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్. ఇందాక చెప్పినట్టు వైరింగ్ చేస్తే ఒక వాల్యూమ్ సున్నా చేయగానే రెండు పికప్‌లూ చచ్చిపోతాయి, ఎందుకంటే రెండు వైపర్‌లూ కలిసి ఉన్నాయి, ఒకటి గ్రౌండ్‌కి తగిలింది. అందుకే ఇక్కడ తిరగేస్తారు: పికప్ నడిమి కాలికి, అవుట్‌పుట్ ఎడమ కాలి నుంచి. అప్పుడు సున్నా చేస్తే ఆ పికప్ ఒక్కటే గ్రౌండ్ అవుతుంది. దీనికి మూల్యమూ ఉంది, తగ్గించేకొద్దీ లోడ్ నేరుగా పికప్ మీదే పడి ట్రెబుల్ త్వరగా రాలిపోతుంది. మూడు పాట్‌లూ పదిలో ఉంటే లోడ్ 83కె మాత్రమే.

[టంకం పెడుతున్న చేయి, దగ్గరగా]

డబ్బా వీపు మీద టంకం పట్టకపోవడం మామూలు తలనొప్పి. 25 వాట్ల ఐరన్ చాలదు, రేకు వేడిని లాగేస్తుంది. 40 నుంచి 60 వాట్లది, మొన వెడల్పాటిది తీసుకోండి. ముందు ఆ చోటుని గరుకు కాగితంతో రుద్ది, కొద్దిగా టంకం పూయండి, తర్వాత వైర్ ఆనించండి. ఐదు సెకన్లు దాటితే ఆగి చల్లారనివ్వండి, లోపలి పట్టీ కాలిపోతుంది. టంకం మెరుస్తూ పరుచుకోవాలి, గోళీలా నిలబడితే అది అతుక్కోలేదు.

గరగర శబ్దం వస్తే డబ్బా మీది చిన్న సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్ ఇరవైసార్లు అటూఇటూ తిప్పండి. తుప్పు వదిలించే స్ప్రే వద్దు, జిడ్డు మిగిల్చి దుమ్ము పట్టిస్తుంది. యాక్టివ్ బేస్‌లో (లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉన్నదాంట్లో) పాట్‌లు మామూలుగా 25కె ఉంటాయి. అందులో శుభ్రం చేశాక కూడా గరగర ఆగకపోతే పాట్ మార్చే ముందు మీటర్ డీసీ వోల్ట్‌లలో పెట్టి పాట్ కాళ్లని కొలవండి. అక్కడ వోల్టేజ్ కనబడితే తప్పు పాట్‌ది కాకపోవచ్చు, ప్రీయాంప్ కెపాసిటర్ లీకవుతుండొచ్చు.