మా డాబా మీద రెయిన్ గేజ్: ఒక వానాకాలం వాడాక నా రివ్యూ

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది వాన కొలిచే రెయిన్ గేజ్. పోయిన జూన్ మొదటి వారంలో డాబా మీద బిగించాను. వానాకాలం పొడుగూతా రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు పైకెక్కి చూశాను, ఈ నోట్‌బుక్‌లో రాశాను. కొనాలా వద్దా అని అడిగేవాళ్ల కోసమే ఈ వీడియో.

ఇది ఎందుకు కొన్నానో ముందు చెప్తాను. మాది హైదరాబాద్‌ బోడుప్పల్. 2020 అక్టోబర్ 13 రాత్రి మా గల్లీలో నీళ్లు గేటు దాటి లోపలికొచ్చాయి. అమ్మ, నేను బియ్యం డబ్బాలు, సర్టిఫికెట్లు అటక మీద పెట్టి తెల్లవార్లూ మంచం మీదే కూర్చున్నాం. ఇదిగో ఈ గోడ చూడండి, రెండుసార్లు రంగు వేయించినా ఆ బురద గీత ఇంకా లీలగా కనబడుతుంది. మర్నాడు వార్తల్లో హైదరాబాద్‌లో 19 సెంటీమీటర్ల వాన అన్నారు. అది బేగంపేటలో ఉన్న వాతావరణ శాఖ కేంద్రం లెక్క. అక్టోబర్ నెలలో అక్కడ ఒక్కరోజులో అంత వాన అంతకుముందు ఎన్నడూ లేదు, 1903 నాటి 117 మిల్లీమీటర్ల రికార్డు చెరిగిపోయింది. అదే రాత్రి మాకు తూర్పున, ఘట్‌కేసర్ దగ్గరి సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్లు దాటింది. ఈ రెండు చోట్లకూ నడుమ దూరం ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ. మా ఇల్లు సరిగ్గా ఆ నడుమ ఉంది. మా గల్లీలో ఎంత పడ్డదో మాత్రం ఏ రికార్డులోనూ లేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

సరే, గేజ్ దగ్గరికి వద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నా. పైన గరాటు, మూతి వెడల్పు పది సెంటీమీటర్లు. లోపల సన్నటి గొట్టం, బయట పెద్ద గొట్టం. గరాటు మూతి వైశాల్యం లోపలి గొట్టానికి పదింతలు. అందుకే ఒక మిల్లీమీటర్ వాన పడితే లోపల నీళ్లు ఒక సెంటీమీటర్ ఎత్తు లేస్తాయి. చిన్న తుంపర కూడా కంటికి ఆనుతుంది. లోపలిది 25 మిల్లీమీటర్లకు నిండిపోతుంది, ఆపైన పడ్డది పొర్లి బయటి గొట్టంలో చేరుతుంది. దాన్ని మళ్లీ లోపలి గొట్టంలో పోసుకుంటూ కొలవాలి. మొత్తం 280 మిల్లీమీటర్లు పడుతుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

గీతలు నిజమేనా అని నేను ఇంట్లోనే పరీక్ష పెట్టాను. వంటింటి కాటా మీద 157 గ్రాముల నీళ్లు తూచి గరాటులో మెల్లగా పోశాను. ఈ మూతికి అది సరిగ్గా 20 మిల్లీమీటర్ల వాన కావాలి. 19.8 చూపించింది. గరాటు గోడలకు అంటుకున్న చుక్కలు పోగా అంతే వస్తుంది. నాకు తృప్తిగా ఉంది. చదివేటప్పుడు కళ్లు నీళ్ల మట్టానికి తేవాలి. అంచులు కాస్త పైకి పాకుతాయి, నడుమ పల్లం ఏ గీత మీద ఉందో అదే లెక్క.

మొదట్లో పొరపాటు నాదే. వాటర్ ట్యాంక్ పక్కన బిగించాను. మోటార్ ఆపడం ఆలస్యమైనప్పుడల్లా ట్యాంక్ పొర్లి ఆ నీళ్లు గరాటులో చిందుతున్నాయి. ఒకరోజు పక్క డాబా మీద బట్టలు పొడిగా ఆరుతుంటే మా గేజ్‌లో 9 మిల్లీమీటర్లు! ఆ వారం రాసినదంతా కొట్టేశాను. పక్కన ఏది ఉన్నా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో గేజ్ ఉండాలి. నిజానికి నేల మీద పెట్టడమే మేలు, డాబా మీద గాలికి వాన పక్కకు కొట్టుకుపోయి లెక్క తగ్గుతుంది. మాకు నేల లేదు, ఉన్నదాంట్లో నడుమ చోటు చూసుకున్నాను. పావురాల బెడద మామూలుగా లేదు, రోజూ గరాటు తుడవాల్సిందే.

పక్కింటి పెద్దాయన ఒకరోజు అడిగాడు: "రాత్రంతా వాన దంచింది కదా బిడ్డా, పేపర్ల రెండు రోజులకు పంచి రాసిండ్రేంది?" మంచి ప్రశ్న. వాతావరణ శాఖకు రోజు అర్ధరాత్రికి మారదు. పొద్దున 8:30కి మారుతుంది. తెల్లవారుజామున మొదలై పదింటి దాకా కురిసిన వాన రెండు తేదీల్లోకి చీలిపోతుంది. నేను ఎనిమిదిన్నరకే చదవడం కూడా అందుకే. లేకపోతే నా అంకెను వాళ్ల అంకె పక్కన పెట్టలేను.

ఇప్పుడు రికార్డుల సంగతి. బేగంపేటలో ఒక్కరోజు అత్యధిక వాన 241.5 మిల్లీమీటర్లు, 2000 ఆగస్టు 24న. మన ఊళ్లో ఏడాది మొత్తానికి పడేదే 800 పైచిలుకు, అందులో పావు వంతు కంటే ఎక్కువ ఒక్కరోజులో పడింది. ఒక మిల్లీమీటర్ వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. రెండు వందల గజాల ఇంటి మీద ఆ రోజు వాన సుమారు 40 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల వాటర్ ట్యాంకర్లు ఎనిమిది తెచ్చి మీ డాబా మీద కుమ్మరించినట్టు. ఎండాకాలంలో ఒక్క ట్యాంకర్ కోసం ఎంత ఎదురుచూస్తామో తెలుసు కదా!

1908 సెప్టెంబర్ మూసీ వరద గురించి చింతచెట్టెక్కి బతికినవాళ్ల కథే అందరూ చెప్తారు. నన్ను పట్టుకున్నది శంషాబాద్ అంకె. అక్కడ 24 గంటల్లో 12.8 అంగుళాలు పడింది, అంటే 325 మిల్లీమీటర్లు. ఆ రోజు అక్కడ ఎవరో గేజ్ చూసి రాశారు కాబట్టే అది మనకు తెలుసు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి.

వాన పక్కన పెడితే, హైదరాబాద్‌లో ఎండ రికార్డు 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు, చలి రికార్డు 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. మీ కారు డ్యాష్‌బోర్డ్ 47 చూపించినా రికార్డు పోయినట్టు కాదు. వాతావరణ శాఖ థర్మామీటర్ గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో ఉంటుంది. ఇంకోటి, 1939లో హైదరాబాద్ రాజ్యంలో 3.4 కిలోల వడగల్లు పడిందని అంటారు. చాలా రాళ్లు కలిసి ముద్దయి ఉంటాయని శాస్త్రవేత్తల అనుమానం. ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్న రికార్డు 1986లో బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌ది, 1.02 కిలోలు. నేనూ దాని వైపే.

డిజిటల్ గేజ్ మంచిది కాదా అంటే, ఫోన్‌లో చూసుకోవడానికి హాయిగా ఉంటుంది. లోపల చిన్న తొట్టి నిండి తిరగబడిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. కుంభవృష్టిలో తొట్టి తిరగబడే లోపే నీళ్లు జారిపోయి లెక్క తగ్గొచ్చు. నాకు కావాల్సింది ఆ కుంభవృష్టి లెక్కే, అందుకే గొట్టమే కొన్నాను. లోపాలూ ఉన్నాయి. ఎండకు ప్లాస్టిక్ మసకబారింది, గరాటు పట్టు కాస్త వదులైంది, మార్చిలో తీసి లోపల పెట్టేయాలి.

ఇక ఆ 280. బేగంపేట 241.5 ఇందులో పడుతుంది. 1908 శంషాబాద్ వాన పట్టదు, 2020 ఘట్‌కేసర్ వానా పట్టదు. మా వైపు ఉండేవాళ్లు ఇది కొంటే, పెద్ద వాన రాత్రి ఒకసారి నడుమలో లేచి కొలిచి, పారబోసి, రాసుకుని మళ్లీ పెట్టండి. ఆ ఒక్క జాగ్రత్తతో కొనొచ్చు, నేను ధైర్యంగా చెప్తున్నా.

ఇక్కడిదాకా నిన్న తీశాను, ఆ తర్వాత గేజ్ మళ్లీ డాబా మీద బిగించాను. ఇప్పుడు పొద్దున ఎనిమిదిన్నర అయింది. రండి, పైకెళ్దాం. రాత్రి బాగానే పడ్డది. గరాటు తీస్తున్నా... దగ్గరగా చూడండి, 11 దాటి రెండు చిన్న గీతలు. 11.4. రాసేస్తున్నా.