‘సెల్’లోని గది, ‘కణం’లోని గింజ: హైదరాబాద్ స్టూడియోలో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. హబ్సిగూడ మీదుగా తిరిగేవారందరికీ సీసీఎంబీ, అంటే ‘సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ’ అనే పరిశోధన సంస్థ, తెలిసిందే. ఆ పేరులోని రెండో ‘సీ’ సెల్యులార్ అనే మాటకు పొడి అక్షరం. ఈ ‘సెల్’ ఎక్కడి మాటండీ?

భాషాశాస్త్ర అధ్యాపకురాలు: లాటిన్‌లో ‘కెల్లా’ అంటే చిన్న గది. సరుకులు దాచే కొట్టునూ, తేనెపట్టులోని అరనూ, రోమన్ ఆలయంలో విగ్రహముండే లోపలి గదినీ, అంటే మన గర్భగుడి వంటిదాన్నీ, ఆ మాటతోనే పిలిచేవారు. కప్పడం, దాచడం అనే అర్థమున్న ప్రాచీన ధాతువు దీనికి మూలమనీ, సంస్కృతంలోని ‘శాల’ కూడా అందులోంచే వచ్చిందనీ నిఘంటుకారులు చెబుతారు. ఆ లెక్కన మన వంటశాలకు సెల్ దూరపు చుట్టమే.

సమన్వయకర్త: జీవశాస్త్రంలోకి ఎలా వచ్చింది?

జీవశాస్త్ర అధ్యాపకుడు: 1665లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ రాసిన ‘మైక్రోగ్రాఫియా’ పుస్తకంతో వచ్చింది. సీసా బిరడాలకు వాడే బెండును పదునైన కత్తితో పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆయనకు తేనెపట్టులాంటి అరలు కనిపించాయి. ఘనపు అంగుళానికి 125 కోట్లకు పైగా ఉంటాయని లెక్క కూడా కట్టారు. సన్యాసుల గదులను తలచుకుని పేరు పెట్టారని తరగతుల్లో చెబుతుంటాం గానీ, ఆయన రాసింది తేనెపట్టు పోలికే. నిజానికి ఆయన చూసినవి చచ్చిన కణాల గోడలు. లోపల ఏమీ మిగలలేదు కాబట్టే గదుల్లా తోచాయి.

భాషాశాస్త్ర అధ్యాపకురాలు: తెలుగులో ఆ గది పోయి గింజ వచ్చింది. సంస్కృతంలో కణమంటే ధాన్యపు గింజ, రేణువు. హిందీవారి ‘కోశిక’లో కోశముంది, అంటే ఒర, బొక్కసం; దాచే గుణం అందులో నిలిచింది. మనకైతే ఎలక్ట్రానూ కణమే, జీవకణమూ కణమే. నాకిది లోపంగానే కనిపిస్తుంది.

జీవశాస్త్ర అధ్యాపకుడు: ఉల్లిపొర మీద సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూపిస్తే ఇటుకల వరుస కనిపిస్తుంది, “ఇవి గింజల్లా లేవు కదా సార్” అని ఒక విద్యార్థిని నన్ను అడిగింది కూడా. అయినా నేను కణం పక్షమే. బతికున్న కణం నిండుగా ఉంటుంది, ఖాళీ గది కాదు. పైగా గింజకు మొలకెత్తే గుణముంది.

సమన్వయకర్త: మరి మన చేతిలోని సెల్లు?

భాషాశాస్త్ర అధ్యాపకురాలు: ఒక ప్రాంతాన్ని చిన్న చిన్న అరలుగా విభజించి, ఒక్కో అరకు సిగ్నల్ ఏర్పాటు చేసే పద్ధతి వల్ల ఆ పేరు వచ్చింది. ఇంజినీర్లు ఆ అరలను పటం మీద ఆరు మూలలతో గీస్తారు, అచ్చం తేనెపట్టులాగే.