బీరుతో తల కడిగితే ఏటవుతాది? చేసి చూపిస్తాను రండి

అందరికీ నమస్కారమండి, బాగున్నారా. థంబ్‌నెయిల్ చూసి సగం మంది నవ్వుకునుంటారు, మిగతా సగం మంది ఈ పిల్లకి ఏటైందిరా బాబూ అనుకునుంటారు, పర్లేదు. అవునండి, బీరే. తాగడానికి కాదు, తలకి. షాంపూ కడిగేసుకున్నాక ఆఖర్న బీరు పోసుకుంటే జుట్టు ఒత్తుగా కనిపిస్తాది, మెరుస్తాది అని అందరూ అంటన్నారు కదా, నేను ఏడాది నుంచి అప్పుడప్పుడూ చేస్తన్నాను, ఒకసారి బాగా దెబ్బ తిన్నాను కూడా, అది కూడా చెప్తాను. ఫోన్ పట్టుకుంది మా చెల్లి. ఒలే, ఊపకే, స్టూలు మీద మోచెయ్యి ఆన్చుకో.

ముందు సీసా సంగతి. ఇది మా ఆయన చేత తెప్పించాను. నేనే ఎల్దామనుకున్నాను గానీ మన విజయనగరంలో ఆడమనిషి వైన్ షాపు ముందు రెండు నిమిషాలు నిలబడితే సాయంత్రానికల్లా ఆ కబురు గంటస్తంభం చుట్టూ తిరిగి మా అత్తోరింటికి చేరిపోతాది. 650 ఎమ్మెల్ సీసా, మైల్డ్. స్ట్రాంగ్ తేవొద్దని మరీ మరీ చెప్పి పంపాను, ఎందుకో చెప్తాను. ఇంకోటి, 21 ఏళ్ళు నిండనోళ్ళకి అమ్మకూడదు, కాలేజీ పిల్లలు నా వీడియో చూపించి ఇంట్లో పర్మిషన్ అడక్కండి, మీకు వేరే దారి ఉంది, చివర్లో చెప్తాను. ఆల్కహాల్ లేని బీరు దొరికితే అదైనా సరిపోతాది, నిజానికి అదే మంచిది, జుట్టుకి మనకి కావాల్సింది మత్తు కాదు కదా.

అయితే ఏటి కావాలి అందులో? బీరంటే బార్లీ మాల్ట్, హాప్స్ అని ఒక చేదు పువ్వు, ఈస్ట్, నీళ్ళు. అందులో తొంభై పాళ్ళకి పైగా నీళ్ళేనండి. మిగిలిన దాంట్లో కొంచెం ఆల్కహాల్, కొంచెం పిండిపదార్థం, చక్కెర, కాస్తంత ప్రోటీను. విటమిన్ బి ఉంది జుట్టు పెరుగుతాది అని చెప్తారు చూడండి, అది నమ్మకండి. ఉంది, కాదనను, కానీ బయటికి కనిపించే జుట్టు ప్రాణం లేని పదార్థం, గోరులాగే. గోరు మీద పప్పు పోస్తే గోరు తింటాదేటి? జుట్టు పెరిగేది లోపల కుదుళ్ళలో, నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటరు, దానికి తిండి కంచంలోంచి రావాలి.

మరి మెరుపు ఎక్కడిది అంటే, ఇదిగో ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమైపోతాది. కొరమీను కడిగారు కదా ఎప్పుడో. తల నుంచి తోక వైపు చెయ్యి రాస్తే నున్నగా జారిపోతాది, తోక నుంచి తల వైపు రాస్తే పొలుసులు గీసుకుంటాయి. వెంట్రుక మీద కూడా అలాంటి పొలుసులే ఉంటాయి, కంటికి కనపడవు అంతే. కావాలంటే ఒక వెంట్రుక పట్టుకుని చివర్నుంచి కుదురు వైపు వేళ్ళు లాగి చూడండి, గరుకు తెలుస్తాది. సబ్బు పెట్టి రుద్దినా, మన బోరు నీళ్ళు పోసినా ఆ పొలుసులు కాస్త లేచి నిలబడతాయి, దానికి తోడు నీళ్ళలో సున్నం కూడా అంటుకుంటాది, జుట్టు గడ్డిలాగైపోతాది. పులుపు తగిలితే అవి మళ్ళీ అణుగుతాయి. పిహెచ్ అని చదువుకున్నాం కదా, పులుపు కొలిచే లెక్క, అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ, మామూలు నీళ్ళు 7, ఒంటి సబ్బు నురగ 9, 10 దాకా ఉంటాది, బీరు 4, 4.5 మధ్యన. అంటే మోస్తరు పులుపు. పొలుసులు అణిగాయంటే వెలుతురు పడి తిన్నగా వెనక్కొస్తాది, అదే మెరుపు. ఇంక ఒత్తుదనం అంటారా, ఆ చక్కెర, పిండి, ప్రోటీను ఉన్నాయి చూడండి, అవి పల్చటి గంజిలాగ ఒక్కో వెంట్రుక మీద ఆరిపోతాయి. కాటన్ చీరకి గంజి పెడితే ఏటవుతాది, చీర నిలబడతాది, పోగులు పెరగవు కదా. ఇది కూడా అంతే, మళ్ళీ తలస్నానం చేసేదాకే.

అందుకే స్ట్రాంగ్ వద్దన్నాను. మైల్డ్ అంటే ఇంచుమించు 5 శాతం ఆల్కహాలు, స్ట్రాంగ్ అయితే 8 దాకా పోతాది. నేను 200 ఎమ్మెల్ బీరు తీసుకుంటాను, అందులో 10 ఎమ్మెల్ ఆల్కహాలన్న మాట, దానికి ఇంకో 200 నీళ్ళు కలిపితే రెండున్నర శాతానికి దిగిపోతాది, మాడుకి మంట ఉండదు. స్ట్రాంగ్ అయితే అదే లెక్కన 16 ఎమ్మెల్, ఊరికే జుట్టు పొడిబారడం తప్ప వేరే లాభం ఏటీ లేదు. ఇంకో మాట, కొంతమంది బీరుని పొయ్యి మీద పెట్టి మరగబెడతారు ఆల్కహాల్ పోతాదని. వద్దండి బాబూ. పొంగి స్టవ్వంతా కారిపోతాది, ఆ ఆవిరి మంటకి అంటుకోవచ్చు కూడా, నీళ్ళు కలిపేస్తే అయిపోయేదానికి ఎందుకొచ్చిన తిప్పలు. ఇదిగో మా చెల్లే చేసింది ఆ పని, నవ్వు చూడండి, మూడు రోజులు వంటిల్లు వాసన.

సరే, మొదలెడదాం. బీరు నిన్న రాత్రే ఈ వెడల్పాటి స్టీలు గిన్నెలో పోసి పైన పల్చటి గుడ్డ కప్పి ఉంచాను. చూడండి, దగ్గరికి రావే, ఒక్క బుడగ లేదు, రంగు అలాగే ఉంది, గరిటెతో కలిపితే అంచున సన్నటి తెల్ల గీత వచ్చి పోతంది అంతే. గ్యాస్ పోవాలి. గ్యాస్ ఉన్నంత మాత్రాన జుట్టు పాడైపోదు గానీ పోసేటప్పుడు నురగ పొంగి కళ్ళలోకి దిగిపోతాది. రాత్రి మర్చిపోయారా, రెండు గ్లాసులు తీసుకుని మన టీ కొట్టు వాళ్ళు తిరగబోస్తారు చూడండి, అలాగ పైనుంచి కిందకి ఇరవై ముప్పై సార్లు పొయ్యండి, పోతాది.

ఇప్పుడు 200 బీరు, 200 మామూలు నీళ్ళు, ఈ చెంబులో. నా జుట్టు నడుము దాకా ఉంటాది, భుజాల దాకా ఉన్నోళ్ళకి ఇందులో సగం చాలు. ఆ పక్కన చల్లటి నీళ్ళ బకెట్టు. చల్లటి అంటే ఐసు కాదు, కుళాయి నీళ్ళు. వేడి నీళ్ళు మాత్రం పెట్టకండి, ఇక్కడే నా కథ.

పోయినేడు సిరిమానోత్సవం. దసరా వెళ్ళిన మంగళవారం కదా, ఆరోజు ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటాది, పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా చింతమాను మీద పూజారి గారు మూడుసార్లు తిరుగుతారు, చూడకపోతే ఆ ఏడాది ఏదో ఎలితిగా ఉంటాది మాకు. జుట్టు బాగా కనపడాలని పొద్దున్నే బేగి బేగి బీరు పోసేసుకున్నాను, నీళ్ళు కలపలేదు, వేడినీళ్ళతో ఒక్క చెంబు పోసి అయిపోయిందనుకున్నాను, తడి తల మీదే పూలు పెట్టేసుకున్నాను. మూడు లాంతర్ల సెంటర్ దగ్గర జనం మధ్యలో ఇరుక్కున్నాక మొదలైంది. చెమట పట్టే కొద్దీ వాసన. జాజిపూలు, బీరు, రెండూ కలిసి. పక్కనున్న ముసలమ్మగారు రెండుసార్లు ముక్కు తిప్పి, పైట చెంగు అడ్డం పెట్టుకుని, "ఏటమ్మా, మీ ఆయన పొద్దున్నే పుచ్చుకున్నాడేటి?" అని అడిగారు. మా ఆయన పాపం చేతులు జోడించుకుని అమ్మవారి వైపు చూస్తన్నాడు. ఆయనా తప్పు చెయ్యలేదు, నేనూ నిజం చెప్పలేను. ఇంటికి వచ్చాక దువ్వెన దిగితే ఒట్టు, బెల్లంపాకం రాసుకున్నట్టు జిగురు.

అందుకే చెప్తన్నాను, నీళ్ళు కలపాలి, తిన్నగా కడగాలి, బయటికి వెళ్ళే రోజు మొదటిసారి ట్రై చెయ్యకూడదు.

ఇదిగో షాంపూ చేసేసి వచ్చాను. నీళ్ళు కారుతుంటే పొయ్యకండి, ముందు జుట్టు రెండు చేతులతో ఇలాగ పిండండి, లేదంటే ఉన్న నీళ్ళలో కలిసి బీరంతా కిందకి పోతాది. తల వెనక్కి వంచి, నుదురు పైనుంచి కాకుండా చెవుల వెనక నుంచి మొదలెట్టి సన్నటి ధారగా పొయ్యాలి. కింద ఒక బేసిన్ పెట్టుకుంటే కారింది మళ్ళీ తీసి పోసుకోవచ్చు, ఆ 400 ఎమ్మెల్లే మూడుసార్లు తిరుగుతాయి. మాడుకి రుద్దకండి, వేళ్ళు దువ్వెనలాగ పెట్టి మధ్య నుంచి చివర్లకి లాగండి. చూశారా, మొదట్లో వేలు ఆగుతూ పోయింది, ఇప్పుడు జారిపోతంది. రెండు మూడు నిమిషాలు, అంతే. అరగంట ఉంచితే పది రెట్లు పనిచేస్తాదేమో అని ఉంచకండి, పొలుసు అణగడానికి అంతసేపు పట్టదు, ఊరికే ఎండి అట్ట కడతాది.

తర్వాత చల్లటి నీళ్ళు. నేను మూడు చెంబులు పోస్తాను. ఎంతవరకు కడగాలో తెలియాలంటే ఒక పాయ తీసుకుని రెండు వేళ్ళ మధ్య నొక్కి వదలండి, వేళ్ళు అతుక్కుంటే ఇంకో చెంబు, అతుక్కోకపోతే చాలు. మొత్తం పోయేదాకా కడిగేస్తే ఆ గంజి కూడా పోతాది, మళ్ళీ ఒత్తుగా కనపడలేదని నన్ను తిట్టుకుంటారు. టర్కీ టవల్‌తో బరబరా రుద్దకుండా పాత కాటన్ తుండుతో అద్దండి, ఫ్యాను కింద ఆరబెట్టండి. ఆరేదాకా కాస్త వాసన ఉంటాది, ఆరాక పోతాది. ఆరోజు నూనె పెట్టారంటే మాత్రం చేసిందంతా వృథా, రెండూ కలిసి జిడ్డు.

ఎవరికి పనికొస్తాది అంటే, జుట్టు సన్నగా, పల్చగా, తొందరగా జిడ్డు పట్టి నెత్తికి అతుక్కుపోయేవాళ్ళకి. నాది ఆ జాతే. మా చెల్లిది ఉంగరాల జుట్టు, అసలే పొడి, దానికి చేస్తే చీపురుకట్టలాగ లేచింది. కలర్ వేసుకున్నోళ్ళు, స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నోళ్ళు జోలికి పోకండి. గోధుమ, బార్లీ పడనివాళ్ళు అసలొద్దు, మిగతావాళ్ళు కూడా ముందు రోజు మోచేతి లోపల ఒక చుక్క రాసి చూసుకోండి. తలలో పుండ్లు, గీతలు ఉంటే మంటెత్తిపోతాది. చిన్నపిల్లలకి వద్దే వద్దు. చుండ్రుకి మందని కూడా చెప్తారు, కాదండి, చుండ్రుకి మాడు మీద పెరిగే ఒకరకం ఫంగస్‌తో సంబంధం ఉంటాది, దానికి కీటోకోనజోల్ షాంపూ అని మందుల షాపులో ఉంటాది, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి ఎల్లండి, వైన్ షాపుకి కాదు. చేసినా పదిహేను రోజులకి ఒకసారి చాలు.

బీరు షాంపూ అని కూడా అమ్ముతారు కదా, పార్క్ అవెన్యూ వాళ్ళది చాలామంది చూసే ఉంటారు. అది షాంపూ, కడగడానికి. ఇది కడిగాక పోసుకునేది. దానికీ దీనికీ పోలిక పెట్టకండి.

ఇంక ఆ వేరే దారి. మా అమ్మమ్మది పాలకొండ వైపు. ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళు, కడుగు అంటాం మేము, ఒక చిన్న కుండలో పోసి మూత పెట్టి పొయ్యి పక్కన ఉంచేది. రెండో రోజుకి పుల్లటి వాసన వచ్చేది. శీకాయతో తలంటాక ఆ కడుగు నీళ్ళలో కలిపి పోసేది మాకు, ఛీ కంపు అని పారిపోయేవాళ్ళం, జడ పట్టుకుని లాక్కొచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే బీరులో ఏటుందో అందులోనూ అదే ఉంది కదండి, గింజ నానిన నీళ్ళు, పులిసిన పులుపు, కాస్తంత పిండి. ఆవిడది బియ్యం, ఇది బార్లీ. పైగా ఆవిడదానికి ఖర్చు లేదు, ఎవరి చేతా తెప్పించుకోనక్కర్లేదు. కడుగు ఒక్క రాత్రి, మహా అయితే ఒక పగలు ఉంచి వాడేయండి, మన ఎండలకి అంతకంటే ఉంచితే కుళ్ళిపోతాది, పైన ఏదైనా బూజు కనిపిస్తే పారబొయ్యండి. అది కూడా కుదరదంటే లీటరు నీళ్ళలో అరచెక్క నిమ్మకాయ, వడకట్టి పోసుకోండి. మెరుపు వస్తాది, ఒత్తుదనం రాదు, అందులో పిండి లేదు కాబట్టి. శీకాయ వాడేవాళ్ళకైతే శీకాయే కాస్త పులుపు, మీకు ఇవేవీ పెద్దగా అక్కర్లేదు.

ఇదిగో ఆరిపోయింది, గంటన్నర పట్టింది. ఒలే, కిటికీ వైపు తిప్పు ఫోను. ఈ ఎడమ పక్క పాయకి బీరు తగలకుండా క్లిప్పు పెట్టి వదిలేశాను, కుడి పక్కది పోసింది. కుడి పక్క కుదుళ్ళ దగ్గర కాస్త లేచి ఉంది, వేలు దూర్చితే తెలుస్తంది, ఎడం పక్క నెత్తికి అంటుకునే ఉంది. మెరుపు అంటే, నిజం చెప్పాలంటే కెమెరాలో పెద్ద తేడా కనపడట్లేదు, చేత్తో పట్టుకుంటే తెలుస్తంది. అంతకంటే ఎక్కువ చెప్తే అబద్ధం అవుతాది.

మిగిలిన బీరు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను, రెండు మూడు రోజుల్లో మా చెల్లి స్నేహితురాలు వచ్చి పట్టుకెళ్తానంది. సీసా మీద కాగితం అంటించి పెద్ద అక్షరాలతో "తలకి" అని రాశాను. మా మామగారు పొద్దున్న ఫ్రిజ్ తలుపు తీసి ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, నన్నొకసారి చూసి, ఏటీ అనకుండా మజ్జిగ తీసుకుని ఎల్లిపోయారు.