కొత్తగా సైకిల్ ఎక్కేవాళ్లు ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మన కాలనీ గ్రంథాలయానికి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. బయట పదిహేను దాకా సైకిళ్లు చూశాను. వాటితో తర్వాత పని ఉంది.

నేను రోజూ బడికి సైకిల్ మీద వెళ్లడం చూసి మన కాలనీవాళ్లు చాలామంది అడుగుతుంటారు, "మేడమ్, ఏ సైకిల్ కొనమంటారు?" అని. మీరు ఎక్కడ తొక్కుతారో, మీ ఎత్తెంతో, మోకాళ్లు ఎలా ఉన్నాయో తెలియకుండా నేను చెప్పే పేరుకు విలువ లేదు. అందుకే ఈ రోజు కంపెనీల పేర్లు చెప్పను. మన హైదరాబాద్‌లో మంచి సలహా ఎక్కడ దొరుకుతుందో, వినేటప్పుడు దేన్ని పట్టించుకోవాలో చెబుతాను.

ముందు నా సంగతి. నాలుగేళ్ల కిందట మొదటి సైకిల్ కొనడానికి ఒక పెద్ద షాపుకెళ్లాను. అక్కడ నన్నడిగింది ఒకే మాట, "బడ్జెట్ ఎంత మేడమ్?" ఎక్కడికి తొక్కుతారు, ఎంత దూరం అని ఎవరూ అడగలేదు. ముందు సస్పెన్షన్, 21 గేర్లు, గుబ్బల టైర్లున్న సైకిల్ చేతికిచ్చారు. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఇచ్చిన ఫ్రేము 19 అంగుళాలది. రెండు వారాలకే కుడి మోకాలు లాగడం మొదలైంది, అరచేతులు తిమ్మిరెక్కేవి. నా వయసుకు ఇక సైకిల్ పడదేమో అనుకున్నాను. ఆరు నెలలు అది మెట్ల కింద మూలన పడి ఉంది.

ఒకరోజు దాన్ని అమ్మేద్దామని, ముందు పంక్చర్ వేయిద్దామని మా వీధి చివర వేపచెట్టు కింద పెట్టె పెట్టుకుని కూర్చునే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ట్యూబు బయటికి లాగుతూ అడిగాడు, "దీని మీద ఏడికి పోతరమ్మా?" తార్నాక దగ్గర బడికి అన్నాను. "అంత దూరానికి గీ గుబ్బల టైర్లెందుకు? రోడ్డు మీద గుంజుతయి గదా" అన్నాడు. పంక్చర్ అయ్యాక నన్ను ఎక్కి కూర్చోమన్నాడు. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, పెడల్ మీద మడమ పెట్టి కిందికి తొక్కమన్నాడు. పెడల్ అడుగుకు పోయినా నా మోకాలు బాగా వంగే ఉంది. సీటు అంగుళంన్నర పైకి లేపాడు. ఇప్పుడు మడమ పెడితే కాలు సాపుగా చాచుకుంది, పాదం ముందుభాగం పెడితే మోకాలు కొంచెం వంగింది. అంతే కావలసింది. తర్వాత స్క్రూడ్రైవర్ తీసి బ్రేక్ లివర్ దగ్గరున్న చిన్న స్క్రూ తిప్పాడు. లివర్ నా వేళ్లకు దగ్గరగా వచ్చింది. అక్కడ అలాంటి స్క్రూ ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. చిన్న చేతులున్న ఆడవాళ్లు, పిల్లలు ఇది తప్పక చూసుకోండి. చాలా బ్రేకులకు ఆ స్క్రూ ఉంటుంది.

వారంలో మోకాలి నొప్పి తగ్గింది. చేతుల తిమ్మిరి మాత్రం పోలేదు. దానికి ఆయన చెప్పిన మాట ఇప్పటికీ నాకు గుర్తే. "సైకిలే మీకు ఒక సైజు పెద్దగున్నది. హ్యాండిల్ దూరమైతంది. దీనికి నేనేం చెయ్యలేనమ్మా." తన చేతిలో లేనిది లేదని చెప్పే మనిషి మాట నమ్మొచ్చు. ఆ తర్వాత ఆ సైకిల్ అమ్మేసి, నా సైజుది కొనుక్కున్నాను.

కాబట్టి కొనే ముందు మీ వీధి మెకానిక్‌తో పది నిమిషాలు కూర్చోండి. ఏది మంచిదని అడగకండి, రిపేరుకు ఎక్కువగా ఏవి వస్తున్నాయో అడగండి. ఏ రిమ్ములు బెండు పోతున్నాయో, ఏ సస్పెన్షన్లు ఏడాదికే బిగుసుకుపోతున్నాయో, ఏ సైకిల్ సామాను మన ఊళ్లో దొరకదో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒక్క మాట గుర్తుంచుకోండి. కేబుల్ బదులు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు అందరు మెకానిక్‌లూ చూడలేరు. కొన్ని సైకిళ్ల ట్యూబులకు గాలి కొట్టే మూతి సన్నగా ఉంటుంది, దాన్ని ప్రెస్టా వాల్వు అంటారు. దానికి మామూలు పంక్చర్ షాపు గాలి గొట్టం పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి బ్యాగులో పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇక రెండో చోటు, పొద్దున్నే తొక్కేవాళ్ల మధ్య. మన ఊరికి ఈ అదృష్టం బాగా ఉంది. నెక్లెస్ రోడ్డు, ఉస్మానియా క్యాంపస్, గండిపేట వైపు, ఎక్కడికి వెళ్లినా కనిపిస్తారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక దారి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో దారి. ట్రాఫిక్ టెన్షన్ లేకుండా రకరకాల సైకిళ్లు ఒకేచోట చూడాలంటే అక్కడికి వెళ్లండి. హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ లాంటి బృందాలూ ఉన్నాయి. కొత్తవాళ్లం అని చెప్పుకోవడానికి మొహమాటపడకండి. చాయ్ దగ్గర ఆగినప్పుడు నేను వాళ్లను అడిగేది ఇది: "కొన్న తర్వాత దీనికి ఏమేం మార్చారండీ?" సీటు మార్చాం, టైర్లు సన్నవి వేయించాం, హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే స్టెమ్ పొట్టిది పెట్టించాం అని చెబుతారు. ఏ ప్రకటనలోనూ కనపడని సంగతులు ఆ జవాబులో ఉంటాయి. మీ ఎత్తే ఉన్నవాళ్లు కనిపిస్తే ఒక్క నిమిషం ఎక్కి చూస్తామని అడగండి. నాకు ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

హైదరాబాద్ రాండనీర్స్ అనే బృందం వాళ్లు బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు, నడుపుతారు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి, 300 అయితే 20 గంటల్లో. మీరు తొక్కనక్కర్లేదు. ముగిసే చోటుకు వెళ్లి నిలబడితే చాలు. పగలంతా సీటు మీద గడిపి వచ్చిన మనిషి ఆ సీటు గురించి చెప్పే మాటకు ఎంతో బరువుంటుంది.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎవరి సలహా అయినా వాళ్ల దారికి సరిపోయేదే. అనంతగిరి కొండలు ఎక్కేవాళ్లు ఎత్తులో తేలిగ్గా తొక్కనిచ్చే గేర్లు కావాలంటారు, నిజమే. నెక్లెస్ రోడ్డు మీద చక్కర్లు కొట్టేవాళ్లకు ఒక్క గేరున్నా గడిచిపోతుంది, అదీ నిజమే. బంజారాహిల్స్‌లో ఇల్లుంటే రోజూ ఎత్తు ఎక్కక తప్పదు. నాకు ఒకాయన పెడల్‌కు బిగుసుకునే బూట్లు కొనమని గట్టిగా చెప్పాడు. ఆయనకు అవి బాగానే ఉన్నాయి. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర పదిసార్లు కాలు కింద పెట్టే నాకు వాటితో ఏం పని? సలహా విన్నాక "మీరు ఎక్కడ తొక్కుతారు?" అని ఎదురు అడగండి. ఫోన్‌లో చూసే వీడియోలకూ ఇదే వర్తిస్తుంది. వాళ్ల రోడ్ల మీద మన స్పీడ్ బ్రేకర్లు, తుమ్మముళ్లు ఉండవు.

షాపుల సంగతి ఎక్కువ చెప్పను. మంచి షాపులు మన ఊళ్లో ఉన్నాయి. బయట రోడ్డు మీద తొక్కి చూడనిస్తారు, కాలి పొడవు కొలుస్తారు, సీటు సరిచేసి ఇస్తారు, నెల తర్వాత బ్రేకు కేబుళ్లు సాగినప్పుడు రమ్మంటారు. లోపలే ఎక్కించి పంపేద్దామని చూస్తే లేచి వచ్చేయండి.

డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలనేది నా అభిప్రాయం. మొదట హెల్మెట్. లోపల ఇఎన్ 1078 లేదా సిపిఎస్‌సి అనే భద్రతా ప్రమాణం ముద్ర ఉందో చూడండి. కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, పట్టీ పెట్టుకోకుండా తల ఊపినా జారకూడదు. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిందంటే, పగులు కనపడకపోయినా మార్చేయాలి. తర్వాత ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. తర్వాత మీటరున్న గాలి పంపు, ఒక స్పేర్ ట్యూబు. మిగతావన్నీ నెల రోజులు తొక్కాక కొనుక్కోవచ్చు.

సీటు దగ్గర మాత్రం తొందరపడకండి. మెత్తటి దిండులాంటి సీటు అరగంట బాగుంటుంది, తర్వాత అదే నొప్పి పెడుతుంది. ఇంట్లో ఒక పని చేయండి. అట్టపెట్టె ముక్క గట్టి కుర్చీ మీద వేసి, కాస్త ముందుకు వంగి నిమిషం సేపు కూర్చుని లేవండి. రెండు గుంటలు పడతాయి. అవి మీ పిరుదుల ఎముకలవి. ఒక గుంట మధ్య నుంచి ఇంకోదాని మధ్యకు స్కేలుతో కొలవండి. ఆ రెండు ఎముకలూ ఆనేంత వెడల్పు సీటుకు ఉండాలి. నేను ఈ కొలత రాసుకుని షాపుకెళ్లాను, మూడో సీటు సరిపోయింది.

ఇంకో ఐదు నిమిషాల్లో బయటికి వెళ్దాం. గేటు పక్కన నీడలో బోల్టులు తిప్పే నా అలెన్ కీల సెట్టు, పంపు పెట్టాను. మా వేపచెట్టు కింది పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నారు. సీటు ఎత్తు, బ్రేకు లివర్ చూసుకోవాలనుకునేవాళ్లు సైకిళ్లు తెచ్చుకోండి. కొత్తది కొనాలనుకునేవాళ్లు మాత్రం ఖాళీ చేతులతో వచ్చి, ఆయన అడిగేవాటికి జవాబు చెప్పండి.