గొరొంగోసా: ఖాళీ అయిన అడవి మళ్లీ నిండుతున్న చోటు

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఆఫ్రికా సఫారీ అనగానే మనవాళ్లకు కెన్యాలోని మసాయి మారా, టాంజానియాలోని సెరెంగెటి, దక్షిణాఫ్రికాలోని క్రూగర్ గుర్తుకొస్తాయి. మన ఊళ్లలో అమ్మే ప్యాకేజీలు కూడా ఎక్కువగా వాటి చుట్టూనే తిరుగుతాయి. ఈ రోజు నేను సమీక్షిస్తున్న అడవి ఆ జాబితాలో లేదు. అది మొజాంబిక్ దేశపు మధ్యభాగంలో, సొఫాలా రాష్ట్రంలో ఉన్న గొరొంగోసా జాతీయ పార్కు. ఒక సెప్టెంబరు నెలలో నేను అక్కడ నాలుగు రాత్రులు గడిపాను. అక్కడికి ఎవరు వెళ్లాలో, ఎవరు వెళ్లనక్కరలేదో దాపరికం లేకుండా చెబుతాను.

ముందుగా వెళ్లనక్కరలేని వారి సంగతి చెబుతాను. సింహం, చిరుత, ఏనుగు, దున్న, ఖడ్గమృగం అనే ఐదింటినీ ఒకే ప్రయాణంలో చూడాలన్నది మీ కోరికైతే ఈ అడవి దాన్ని తీర్చదు. ఇక్కడ ఖడ్గమృగాలు లేవు. చిరుతలు ఎంత అరుదంటే, 2018లో ఒక చిరుత కనిపించినప్పుడు, అంతకుముందు పద్నాలుగేళ్లుగా ఇక్కడ చిరుత జాడే లేదు కాబట్టి, అది వార్త అయింది. ఈ లోటుకు కారణమైన చరిత్రే నా దృష్టిలో ఇక్కడికి రావలసిన మొదటి కారణం.

1960లో పోర్చుగీసు పాలకులు దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. 1972 ప్రాంతంలో విమానం నుంచి జరిపిన లెక్కింపులో ఇక్కడ సుమారు 2,200 ఏనుగులు, 14,000 దున్నలు, 3,500 నీటిగుర్రాలు ఉన్నట్లు తేలింది. 1975లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1977లో మొదలైన అంతర్యుద్ధం 1992 దాకా సాగింది. తిరుగుబాటు దళాల ప్రధాన స్థావరం ఈ అడవి పక్కనే ఉండటం వల్ల పోరు పార్కు నడిబొడ్డుకు వచ్చింది. సైనికులు మాంసం కోసం దున్నలను, నీటిగుర్రాలను చంపారు. దంతాలు అమ్మి ఆయుధాలు కొనడానికి ఏనుగులను చంపారు. యుద్ధం ముగిశాక కూడా వేట ఆగలేదు. చివరికి పెద్ద జంతువులలో తొంభై శాతానికి పైగా నశించాయి. రెండు వేలకు పైగా ఉన్న ఏనుగులు రెండు వందలకు లోపే మిగిలాయి.

2004లో అమెరికాకు చెందిన దాత గ్రెగ్ కార్ ఇక్కడికి వచ్చారు. 2008లో ఆయన సంస్థ మొజాంబిక్ ప్రభుత్వంతో ఇరవై ఏళ్ల ఒప్పందం కుదుర్చుకుని, పార్కును ఉమ్మడిగా నిర్వహించడం మొదలుపెట్టింది. 2018లో దాన్ని మరో పాతికేళ్లు పొడిగించారు. దక్షిణాఫ్రికా నుంచి దున్నలను తెచ్చి, ముందు కంచె వేసిన భాగంలో ఉంచి, అవి నిలదొక్కుకున్నాక అడవిలోకి వదిలారు. రేంజర్లు వేల సంఖ్యలో ఉచ్చులను ఏరి పారేశారు.

ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న మైదానం ఉరేమా సరస్సు ఒడ్డు. ఇది తూర్పు ఆఫ్రికా మహాపగులు లోయకు దక్షిణపు కొస. వానాకాలంలో ఈ నేలంతా నీటిలో మునుగుతుంది, ఎండాకాలంలో నీరు వెనక్కు తగ్గుతూ పచ్చిక మిగులుస్తుంది. నేను వెళ్లిన రోజు ఉదయం ఆ పచ్చికలో చూపు ఆనినంత మేర వాటర్‌బక్‌లే ఉన్నాయి. తోక చుట్టూ తెల్లని వలయం ఉండే ఈ పెద్ద జింకలు యుద్ధానికి ముందు మూడున్నర వేలు ఉండగా, ఇప్పుడు యాభై వేలు దాటాయి. పచ్చికను మేసే దున్నలు, నీటిగుర్రాలు కనుమరుగై, వేటాడే జంతువులు కూడా తగ్గిపోయిన ఆ ఖాళీలో ఇవి పెరిగాయి. కాబట్టి ఇక్కడ మీరు చూసేది పాత గొరొంగోసా కాదు. కోలుకునే అడవి పోగొట్టుకున్న రూపాన్నే తిరిగి తెచ్చుకోదని, తన దారిని తాను వెతుక్కుంటుందని నాకు ఆ మైదానంలో నిలబడినప్పుడే అర్థమైంది.

ఇంకో ఉదాహరణ చెబుతాను. బుష్‌బక్ అనే చిన్న జింక స్వభావరీత్యా పిరికిది, పొదలు వదిలి బయటకు రాదు. చిరుతలు, అడవికుక్కలు లేని గొరొంగోసాలో అది చెట్టూ పుట్టా లేని మైదానంలోకి వచ్చి తాపీగా మేయడం మొదలుపెట్టింది. పరిశోధకులు చిరుత అరుపుల రికార్డింగులను వినిపించగా ఆ జింకలు మళ్లీ చెట్ల నీడకు చేరాయని 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. అడవికి భయం కూడా అవసరమే. 2018లో దక్షిణాఫ్రికా నుంచి పద్నాలుగు అడవికుక్కలను తెచ్చి వదలడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. మన నల్లమలలో తిరిగే రేచుకుక్కలకు ఇవి దూరపు బంధువులు. మూడో రోజు సాయంత్రం ఎర్రమట్టి దారి మీద ఒక గుంపు మా జీపు ముందు నుంచి పరుగెత్తుకుపోయింది. పది సెకన్లే చూశాను. అయినా ఈ ప్రయాణానికి అది చాలు అనిపించింది.

ఇక ఏనుగుల గురించి కొంచెం తీరిగ్గా మాట్లాడాలి. మన చిత్తూరు జిల్లా కౌండిన్య అడవుల్లో ఆడ ఏనుగుకు పొడవైన దంతాలు లేకపోవడం మామూలే, ఎందుకంటే ఆసియా ఏనుగుల తీరు అదే. ఆఫ్రికా ఏనుగుల్లో మాత్రం ఆడవాటికీ దంతాలుంటాయి. అయితే గొరొంగోసాలో పెద్ద వయసు ఆడ ఏనుగులను గమనించండి, చాలా వాటికి దంతాలు కనిపించవు. యుద్ధానికి ముందు ఆడ ఏనుగుల్లో ఐదింట ఒకదానికన్నా తక్కువగా ఉన్న ఈ లక్షణం, యుద్ధం తర్వాత సగం వాటిలో కనిపించింది. దంతాలున్న వాటిని వేటగాళ్లు చంపగా, లేనివి బతికి పిల్లలను కన్నాయి. 2021లో వెలువడిన పరిశోధన ప్రకారం ఈ లక్షణం ఎక్స్ క్రోమోజోమ్‌తో ముడిపడి ఉంది, దాన్ని పొందిన మగ పిండాలు బతకవు. అందుకే దంతాలు లేని మగ ఏనుగు ఇక్కడ కనిపించదు. పదిహేనేళ్ల యుద్ధం ఒక జాతి శరీరం మీద ఇలా రాసిపెట్టి పోయింది.

ఆ ఏనుగుల జ్ఞాపకం కూడా మామూలుది కాదు. వాహనం చప్పుడు వినగానే ఒక పెద్ద ఆడ ఏనుగు చెవులు విప్పి మా వైపు నాలుగు అడుగులు వేసింది. గైడ్ వెంటనే జీపును వెనక్కి తీశారు, మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. దగ్గరి ఫోటో కోసం ముందుకు పొమ్మని దయచేసి గైడ్‌ను ఒత్తిడి చేయకండి. మనుషులంటే వాటికి భయం ఎందుకు కలిగిందో తెలిశాక, దూరం నుంచి చూడటమే మర్యాద అనిపిస్తుంది.

తెలుగువారికి ఇక్కడ ఒక ఆత్మీయమైన దృశ్యం ఎదురవుతుంది. మైదానం అంచుల్లో వరుసగా నిలబడిన తాటిచెట్లను చూడగానే నాకు గోదావరి గట్టు గుర్తుకొచ్చింది. అవి మన తాడికి ఆఫ్రికా దాయాదులు, వృక్షశాస్త్రంలో ఒకే ప్రజాతికి చెందినవి. వాటి పక్కనే పసుపుపచ్చ బెరడుతో మెరిసే ఫీవర్ ట్రీల తోపులున్నాయి, వాటిని పొద్దు వాలే వేళ చూడాలి.

పార్కులో అలుగుల (ఒళ్లంతా పొలుసులుండి చీమలను తినే పాంగోలిన్‌ల) సంరక్షణ కేంద్రం ఉంది. పొలుసుల కోసం అక్రమంగా పట్టుకుపోతుండగా స్వాధీనం చేసుకున్న అలుగులను ఇక్కడికి తెచ్చి, రోజూ మనుషుల తోడుతో చీమల పుట్టల దగ్గరకు నడిపించి, బలం పుంజుకున్నాక అడవిలో వదులుతారు. మన తెలుగు రాష్ట్రాల అడవుల్లోనూ ఇదే దొంగవ్యాపారం అలుగును వెంటాడుతోంది కాబట్టి ఈ పని నాకు మరీ దగ్గరగా తోచింది.

1,863 మీటర్ల ఎత్తున్న గొరొంగోసా పర్వతపు పైభాగాన్ని 2010లో పార్కులో కలిపారు. మైదానానికి నీరు పంపేది ఆ కొండే, అడవిని నరికితే ఏరులు ఎండిపోతాయి. అందుకే అక్కడి రైతుల చేత అడవిచెట్ల నీడలో కాఫీ సాగు చేయిస్తున్నారు. అరకు కాఫీ తోటలు చూసినవారికి ఆ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. ప్రభుత్వానికీ, అంతర్యుద్ధంలో తిరుగుబాటు చేసిన రెనామోకూ మధ్య మళ్లీ రగిలిన ఘర్షణలకు ముగింపు పలికే ఒప్పందంపై 2019 ఆగస్టు 1న ఈ పార్కులోనే సంతకాలు జరిగాయి. దానికి కొన్ని నెలల ముందు, మార్చిలో ఇదాయ్ తుపాను బెయిరా నగరాన్ని ధ్వంసం చేసినప్పుడు పార్కు సిబ్బంది వరదలో చిక్కుకున్న గ్రామాలకు ఆహారం చేరవేశారు.

ప్రయాణ వివరాలు క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, జోహన్నెస్‌బర్గ్ మీదుగా బెయిరా చేరడం సులువు. అక్కడి నుంచి పార్కులోని చిటెంగో శిబిరానికి కారులో కొన్ని గంటలు పడుతుంది. ఇంచోపె కూడలి దాటాక మాకు రోడ్డు నిండా గుంతలే ఎదురయ్యాయి, చీకటి పడకముందే చేరేలా బయలుదేరండి. వానాకాలంలో పార్కు మూసివేస్తారు, ఆగస్టు నుంచి అక్టోబరు వరకు జంతువులు బాగా కనిపిస్తాయి. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి బయలుదేరే ముందు వైద్యుని సలహాతో మందులు తీసుకోండి. 2024 అక్టోబరు ఎన్నికల తర్వాత దేశంలో అల్లర్లు జరిగాయి. దూరాన ఉత్తర కొసలోని కాబో డెల్గాడోలో 2017 నుంచి సాయుధ ఘర్షణ నడుస్తోంది. అందువల్ల టికెట్లు కొనేముందు మన విదేశాంగ శాఖ సూచనలు తప్పక చూడండి.

శాకాహారులు షీమా అనే మొక్కజొన్న సంకటి, అన్నం, చిక్కుడు గింజల కూర మీద ఆధారపడవచ్చు. కర్రపెండలం ఆకులను వేరుశనగ, కొబ్బరిపాలతో వండే మటాపా చాలా రుచిగా ఉంటుంది, కాని అందులో తరచుగా రొయ్యలు వేస్తారు కాబట్టి ముందే అడగండి. మన దేశం 2016లో కందుల దిగుమతి కోసం ఒప్పందం చేసుకున్నది ఈ మొజాంబిక్‌తోనే, అంటే మన ఇంటి పప్పుచారులో అక్కడి రైతు పండించిన పప్పు కూడా ఉండవచ్చు.

కనీసం నాలుగు రాత్రులు కేటాయించండి. రెండు రోజులు మైదానానికి, ఒక రోజు కొండకు, ఒక సాయంత్రం అలుగులకు కావాలి. కొండ మీది కాఫీని అక్కడే కొనండి, ఆ డబ్బు మళ్లీ ఆ చెట్ల నీడకే చేరుతుంది.